నా రాత్రి కావలిని దించిన దేవుడు

ఈ మాటలు నేను మూడేళ్ల ముందే రాయవలసింది. రాయలేకపోయాను, ఎందుకంటే అప్పటికి నాకు అక్షరాలు రావు. యాభై రెండేళ్లు వచ్చేవరకు రేషను దగ్గరా, బ్యాంకు దగ్గరా బొటనవేలు సిరాలో ముంచినదాన్నే తప్ప నా పేరును నేను రాసుకున్నదాన్ని కాను. ఇంకొక కారణం కూడా ఉంది. అది చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి. మూడేళ్ల కిందట ఇదే సంఘ పత్రికలో నా పేరు మీద ఒక సాక్ష్యం వచ్చింది. నేను నోటితో చెప్పాను, వేరొకరు రాశారు. దేవుడు నా కళ్ల మీది నిద్రను తీసివేసి నన్ను రాత్రి కావలిదానిగా నిలబెట్టాడని అందులో ఉంది. అది చదివి ఎంతోమంది నా చెయ్యి పట్టుకొని వాళ్ల బిడ్డల కోసం ప్రార్థించమని అడిగారు. సహోదరులారా, సహోదరీలారా, ఆ సాక్ష్యం నిజం కాదు. అబద్ధం చెప్పాలని చెప్పలేదు, నేను కూడా అదే నిజమని నమ్మాను. ఇప్పుడు కలం నా చేతిలోనే ఉంది కాబట్టి ఎవరూ నడుమ లేకుండా మొదటి నుండి చెబుతాను, ఓపికతో చదవండి.

నా పేరు మార్తమ్మ. మాది కర్నూలు పక్కన కల్లూరు. నా భర్త ఏసేపు షేరు ఆటో నడిపేవాడు. నేను ఇంటి ముందర పొయ్యి పెట్టుకొని జొన్నరొట్టెలు తట్టేదాన్ని. పొద్దున నా రొట్టెలు పోని ఇల్లు మా వీధిలో లేదనే చెప్పాలి. మాకు ఒక్కతే కూతురు సలోమి, రెండు వీధుల అవతల అత్తగారింట్లో ఉంది. అయిదేళ్ల కిందట మామిడికాయల కాలంలో ఆయన బనగానపల్లెకు కిరాయికి పోయి ఒక బుట్టెడు పండ్లు తెచ్చాడు. ఇద్దరం తిన్నాం, నవ్వుకున్నాం, చాప పరచుకొని పక్కపక్కన పండుకున్నాం. నేను ఆ రోజు బాగా అలసిపోయి ఉన్నాను, తల ఆన్చిందే తెలుసు. పొద్దున లేచి ఆయనను తట్టితే చెయ్యి చల్లగా తగిలింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. అందరూ ఏడ్చారు, అందరూ ఓదార్చారు, మంచి చావు అన్నారు, బాధ పడకుండా పోయాడు అన్నారు. నా లోపల మాత్రం ఒకే మాట తిరుగుతూ ఉండేది. ఆయన పోతున్నప్పుడు నేను గుర్రు పెట్టి నిద్రపోతున్నాను. మూరెడు దూరంలో ఉండి నిద్రపోతున్నాను. ఒక్కసారి కళ్లు తెరిచి ఉంటే ఆయన బతికి ఉండేవాడేమో!

ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు, కడుపున పుట్టిన బిడ్డకు కూడా చెప్పలేదు.

సమాధి దగ్గర అందరూ మట్టి వేస్తున్నప్పుడు నేను నోరు మెదపకుండా ఒక మొక్కు మొక్కుకున్నాను. "ప్రభువా, వేదన పడుతున్న మనిషి పక్కన ఒక్క గంట మేలుకొని ఉండలేకపోయిన పాపిని నేను, ఇక రాత్రిపూట నా కళ్లు మూయను, నా నిద్రను నీకే ఇచ్చేస్తున్నాను, తీసుకో." ఇదీ నా ప్రార్థన. ఆ రోజు నుండి నాకు రాత్రి నిద్ర లేదు. పడుకుంటే గుండె దడదడలాడేది, కన్ను మూతపడుతుందనగా ఉలిక్కిపడి లేచేదాన్ని. ఆయన పోయిన ఆ గదిలోకే పోవడం మానేసి ముందర వసారాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చునేదాన్ని. పగలేమో చాప మీద ఒరిగి ఉండేదాన్ని. పొయ్యి వెలిగించలేదు, తల దువ్వుకోలేదు, డబ్బాలో జొన్నపిండి పురుగు పట్టింది, తిన్నది మన్ను మాదిరి ఉండేది. చావాలని కాదు గానీ, లేకుండా పోతే బాగుండును అని ప్రతిరోజూ అనిపించేది. దీనిని రోగం అంటారని నాకు తెలియదు, నేను చేసిన తప్పుకు ఇది సరైన శిక్షే అనుకున్నాను.

ఇప్పుడు మా సంఘంలోని పద్ధతి ఒకటి చెప్పాలి. మా దగ్గర గొలుసు ప్రార్థన ఉంది. రాత్రి పది నుండి పొద్దున ఆరు వరకు గంటకు ఒకరు చొప్పున ఎవరి ఇంట్లో వాళ్లు సంఘం కోసం ప్రార్థిస్తారు. తన గంట అయిపోగానే తరువాతి వాళ్లకు ఒక మిస్డ్ కాల్ ఇస్తే వాళ్లు లేచి మొదలుపెడతారు, అలా గొలుసు తెగకుండా తెల్లవారుతుంది. ఎవరి గంట ఏదో మందిరం గోడకు చీటీ అంటించి ఉంటుంది. అందరికీ కష్టమైన గంట రెండు నుండి మూడు. నేను రాత్రంతా మేలుకునే ఉంటానని తెలిసి పాస్టరయ్య సంతోషపడి ఆ గంట నాకు ఇచ్చాడు. "సహోదరి మార్తమ్మను దేవుడు తట్టి లేపుతున్నాడు" అని ఆదివారం అందరి ముందర చెప్పాడు. నా ప్రాణానికి అది ఎంత తీయగా ఉందో! శిక్ష అనుకున్నది వరమైపోయింది కదా.

ఆ తరువాత ఒక్కొక్కరే వచ్చారు. మూడింటి గంట పట్టుకున్నామెకు మోకాళ్ల నొప్పులు, ఆ గంట నాకు వచ్చింది. నాలుగింటి గంట సుగుణమ్మది. మా వీధిలోనే ఉంటుంది, ముగ్గురు బిడ్డల తల్లి.

"అక్కా, నీకెట్లా నిద్ర రాదు కదా, నా గంట గూడా నువ్వే చూసుకోరాదా? అయిదుకు లేసి పిల్లోల్లకు క్యారియర్లు కట్టాల, ఆ గంట నిద్రే నాకు నిద్ర," అంది.

"అట్లనే కానీలేమ్మా," అన్నాను.

అలా రెండు నుండి అయిదు దాకా మూడు గంటలు నావే అయ్యాయి. సంఘం స్త్రీలు చందా వేసుకొని నాకు ఒక ఫ్లాస్కు కొనిచ్చారు, రాత్రికి టీ పోసుకొని తాగుతూ కూర్చోమని. నాకు కావలి అక్క అని పేరు వచ్చింది. ఆ రోజుల్లోనే ముందు చెప్పిన ఆ సాక్ష్యం పత్రికలో వచ్చింది. పేరు పెరిగే కొద్దీ మనిషిని తరిగిపోతున్నాను. రెండేళ్లకు రవికె భుజం మీద నుండి జారిపోయేంతగా అయ్యాను, మందిరంలో పాట పాడుతూ పాడుతూ చరణం మరిచిపోయేదాన్ని.

ఒకనాడు మధ్యాహ్నం సలోమి వచ్చి, "మా, నీ చేతి రొట్టె తిని ఎన్నాళ్లయిందో తెలుసా?" అని అడిగింది. బిడ్డ నోరు తెరిచి అడిగింది కదా అని కొత్త పిండి తెప్పించి పొయ్యి వెలిగించి కూర్చున్నాను. పెనం వేడెక్కేలోగా కూర్చున్నచోటనే నా కళ్లు మూతపడ్డాయి. చీర కొంగు పొయ్యిలో పడింది. సలోమి బిందెడు నీళ్లు ఎత్తి నా మీద పోసేవరకు నాకు తెలియనే తెలియదు. చెయ్యి కాలింది, ప్రాణం మిగిలింది. సలోమి నా కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది.

"పా మా, ఆస్పత్రికి పోదాం. చెయ్యికి మాత్రమే కాదు, నిద్రకు గూడా."

"నిద్రకు ఆస్పత్రి ఏంది? దేవుని మీద నమ్మకం పోయిందా నీకు?"

"పోలేదు. నమ్మకం ఉండాది కాబట్టే పిలుస్తాండా. ఈ కొంగు అంటుకున్నప్పుడు నీళ్లు పోస్తి కదా, ప్రార్థన చేస్కుంటా కూర్చోలేదు కదా?"

చెయ్యికి తడిగుడ్డ చుట్టుకొని దాని వెంట నడిచాను.

పెద్దాస్పత్రిలో డాక్టరు చెయ్యికి కట్టు కట్టించి, రక్తం పరీక్షలు చేయించి, చాలాసేపు ప్రశ్నలు అడిగాడు. చచ్చిపోవాలనే తలంపు వస్తుందా అని కూడా నేరుగా అడిగాడు. మనసు కుంగిపోయే జబ్బు ఉందనీ, దానితోపాటు నిద్ర చెడిపోయిందనీ చెప్పాడు. కొందరికి మాత్రలు తప్పనిసరి, నీకు ముందు మాత్రలు లేకుండా ఒక పద్ధతి ప్రయత్నం చేద్దాం, చాలకపోతే అప్పుడు మాత్రలు చూద్దాం, ప్రతివారం తప్పకుండా రావాలి అని చెప్పి పక్కగదిలో ఉన్న కౌన్సెలర్ దగ్గరకు పంపాడు. ఆమె పేరు షమీమ్. నా కూతురి కంటే నాలుగేళ్లు పెద్దది ఉంటుందేమో.

"అమ్మా, రాత్రి ఎన్నింటికి పండుకుంటాండావు?" అని అడిగింది.

"పండుకునేది యాడిదిమ్మా, కూర్చునే ఉంటా."

"మరి పగలు?"

"పని లేదు కదా, చాప మీద ఒరుగుతా. ఎప్పుడన్నా కన్ను మూతపడతాది."

"ఎంతసేపు?"

"ఏమో. ఒకోసారి లేసేసరికి నీడ గోడ దాటి పోయింటాది."

ఆమె నవ్వింది. "అట్లయితే నిద్ర నీ దగ్గరే ఉండాది, దారి తప్పింది అంతే. బలవంతంగా గుంజితే రాదు. మెల్లగా ఇంటికి పిలుచుకొని రావాల."

ఆమె ఒక కాగితం తీసి గళ్లు గీసింది, రోజుకు ఒక వరుస, గంటకు ఒక గడి. నాకు అక్షరం రాదమ్మా అన్నాను. గడి నలుపు చేయడం వస్తుంది కదా, నిద్రపోయిన గడిని నలుపు చెయ్యి, మేలుకున్నదాన్ని తెల్లగా వదిలెయ్యి, రాత్రి గడియారం చూడొద్దు, పొద్దున లేచినాక ఉజ్జాయింపుగా నింపు అని చెప్పింది. ఆమె పెట్టిన కట్టుబాట్లు వినడానికి పిల్లల ఆటలాగా ఉన్నాయి గానీ చేయడానికి కత్తి మీద సాము. చాప నిద్రకు మాత్రమే, పగలు దాని మీద ఒరగకూడదు, దాని మీద కూర్చొని ఏడవకూడదు. రాత్రి పదకొండుకు ముందు చాప పరచకూడదు, నిద్ర వచ్చినా రాకపోయినా పొద్దున అయిదుకు చుట్టేయాలి. పండుకున్నాక నిద్ర రాకపోతే అక్కడే దొర్లకుండా లేచి వేరేచోట కూర్చొని, కళ్లు బరువెక్కాకనే మళ్లీ చాప మీదికి పోవాలి. సాయంత్రం నాలుగు దాటితే టీ లేదు. పొద్దున ఎండలో కాసేపు నడవాలి. మొదట్లో మత్తు ఇంకా ఎక్కువగా ఉంటుంది కాబట్టి రెండు వారాలు ఒంటరిగా పొయ్యి దగ్గరకు పోకూడదు. ఆ తరువాత రోజుకు ఒక్క రొట్టె తట్టాలి.

"ఒక్కటేనా? మనసు బాగయితే నేను యాభై తడతా," అన్నాను.

"మనసు బాగయినాక పని చేద్దామంటే అది బాగుపడదమ్మా. నువ్వు పనిలో చెయ్యి పెట్టు, మనసు వెనకాల నడుచుకుంటా వస్తాది."

అన్నిటికీ తల ఊపాను. రాత్రి రెండు నుండి అయిదు దాకా ఉన్న ప్రార్థన గంటలు కూడా వదలాలి అన్నప్పుడు మాత్రం లేచి నిలబడ్డాను. "ఆ గంటలు దేవునివి, వాటిని ముట్టుకోవద్దు" అన్నాను.

ఆమె కోపపడలేదు. "కూర్చోమ్మా. రంజాన్ నెలలో మేము గూడా తెల్లారకముందే లేస్తాం, నీ దేవునికి నేను ఎదురు చెప్పను. ఒక్కటే అడుగుతా, ఇప్పుడే చెప్పాల్సిన పని లేదు. నువ్వు ఆ గంటకు లేసేది ప్రార్థనకా, భయానికా?"

ఆటోలో ఇంటికి వస్తూ ఉన్నంతసేపూ ఆ ప్రశ్న నా పక్కనే కూర్చుంది.

మూడింటి గంటను, నాలుగింటి గంటను సలోమి పోయి వాళ్లవి వాళ్లకు తిరిగి ఇచ్చేసింది, వాళ్లు కొంచెం ముఖం ముడుచుకున్నారు. రెండింటి గంట మాత్రం నేను వదలలేదు. మిగిలిన కట్టుబాట్లన్నీ పాటించాను. ఫ్లాస్కు అటక ఎక్కింది. వసారాలోనే చాప పరచుకున్నాను. మొదటి రెండు వారాలు నరకమే, తల దిమ్ముగా ఉండి గోడకు ఆనుకుంటే చాలు ఒరిగిపోయేదాన్ని. సలోమి నా పక్కన కూర్చొని పలకరిస్తూ మేలుకొలుపుతూ ఉండేది. మూడోవారం మొదటి రొట్టె తట్టాను. చేతులు వాటం మరిచిపోయాయి, అది మందంగా వచ్చింది, అంచులు పగిలాయి. పక్కింటి దానియేలప్ప, మా సంఘ పెద్ద, ఒకప్పుడు బండలు పాలిష్ పట్టే పని చేసినవాడు, అరుగు మీద కూర్చొని అది నమిలి చూసి, "ఏం మార్తమ్మా, ఇది రొట్టెనా, బేతంచెర్ల బండనా? పాలిష్ పట్టాల్సింది పోయి పళ్లు పెడ్తి కదమ్మా," అన్నాడు. రెండేళ్లలో నేను నవ్వింది ఆ రోజే. మరునాడు రెండు తట్టాను, పట్టుదలకు.

నా కాగితంలో నల్ల గళ్లు పెరగసాగాయి. కానీ అన్నం రుచి వచ్చినా, పగలు తేలికైనా, రెండు దగ్గర మాత్రం ప్రతి వరుసలోనూ తెల్ల గడి ఉండేది. దాని తరువాత కూడా ఒకటి రెండు తెల్లగానే మిగిలేవి, ఒకసారి లేచాక నిద్ర మళ్లీ పట్టేది కాదు. షమీమ్ దానిమీద వేలు పెట్టి, "గోడలో సందు మాదిరి ఉండాది చూడు, కట్టిందంతా దీంట్లోనుంచి కారిపోతాంది," అంది. ఇంకొక పని కూడా చెప్పింది. రోజూ సాయంత్రం ఆరింటికి ఒక పావుగంట కూర్చొని మనసులో ఉన్న దిగుళ్లన్నీ పుస్తకంలో రాసి మూసేయాలి, పుస్తకం మూసినాక వాటికి రేపటిదాకా పని లేదని చెప్పుకోవాలి. రాయడం రాకపోతే ఎవరిచేతనైనా రాయించుకోమంది.

పాస్టరమ్మ ప్రేమతో రోజూ వచ్చి రాసేది. రేకులు కారుతున్నాయని రాయించాను, మోకాలు నొప్పి అని రాయించాను, అల్లునికి పని సరిగా దొరకడం లేదని రాయించాను. అసలు మాట మాత్రం రాయించలేదు. ఇంకొకరి చేత్తో ఎట్లా రాయించేది? రాసే మనిషి తల ఎత్తి నా ముఖం చూస్తుంది కదా. ఒకరోజు పుస్తకం ఆమె చేతిలో నుండి తీసుకొని, "అమ్మగారూ, నాకు అక్షరాలు నేర్పండి. నా దిగులు నేనే రాసుకుంటా," అన్నాను. ఆమె ఎందుకు అని అడగలేదు. దేవుడు ఆమెను దీవించును గాక.

సహోదరులారా, నేను చదువు నేర్చుకున్నది ఇందుకే. తట్టలో జొన్నపిండి పలుచగా పరిచి అందులో వేలితో అక్షరం దిద్దేదాన్ని, తప్పు వస్తే చెయ్యి ఆడిస్తే చాలు చెరిగిపోయేది, ఆఖరున ఆ పిండితోనే రొట్టె చేసేదాన్ని. వానలు మొదలైనప్పుడు పట్టుకున్న అక్షరాలు క్రిస్మస్ నాటికి వరుసలో నిలబడ్డాయి. క్రిస్మస్ అయిపోయిన మరుసటి వారం, సాయంత్రం ఆరింటికి, తలుపు దగ్గరకు వేసుకొని నా చేత్తో నేను రాసిన మొదటి సొంత మాట ఇది. ఏసేపు చనిపోయినప్పుడు నేను నిద్రపోతున్నాను. అంతే. అది రాయడానికి నాకు అరగంట పట్టింది. రాసి, దానిని చూసి, పుస్తకం మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన పోయినప్పుడు ఏడవని ఏడుపు అది.

ఆ పుస్తకం తీసుకొని పోయి షమీమ్‌కు నేనే చదివి వినిపించాను. ఆమె కళ్లు తుడుచుకొని వెళ్లి డాక్టరును పిలుచుకొని వచ్చింది. ఆయన నా ఎదురుగా కుర్చీ లాక్కొని, "అమ్మా, నిద్రలో అట్ల గుండె ఆగిపోతే చప్పుడు గూడా ఉండకపోవచ్చు. పక్కన నేను మేలుకొని కూర్చున్నా నాకు తెలిసేదని చెప్పలేను. నువ్వు నిద్రపోయినందుకు ఆయన పోలేదు," అన్నాడు. ఆ మాట కోసం నేను ఎన్నేళ్లు మేలుకొని కూర్చున్నానో దేవునికే తెలుసు. షమీమ్ అడిగిన ప్రశ్నకు జవాబు కూడా అప్పుడే చెప్పాను. "భయానికేనమ్మా," అన్నాను.

కానీ మొక్కు మిగిలి ఉంది. దేవునికి ఇచ్చేశానన్న నిద్రను మళ్లీ ఎట్లా తీసుకోవడం? అది ద్రోహం కాదా? శనివారం సాయంత్రం పాస్టరయ్య దగ్గరకు పోయి పుస్తకం తెరిచి ముందర పెట్టాను. ఆయన ఆ ఒక్క వాక్యం రెండుసార్లు చదివాడు. నేను మొక్కు సంగతి కూడా చెప్పాను.

"అమ్మా, ఈ తప్పు నాది," అన్నాడు. "నువ్వు రోగంతో కూర్చుంటే నేను ఆ రోగానికి కుర్చీ వేసి, మందిరం గోడకు చీటీ అంటిచ్చినా. కాపరినయ్యుండి ఒక్కసారన్నా ఎందుకు నిద్ర రావడంలేదని అడగలేదు."

"మరి మొక్కు, అయ్యా?"

"దేవుడు అడగని దాన్ని నువ్వు ఇస్తివి, ఆయన తీసుకోలేదు. తీసుకునింటే నీకు సమాధానం ఇచ్చేవాడు కదా." అని చెప్పి, వాక్యంలో నుండి ఒక ప్రవక్త సంగతి చెప్పాడు. బాగా అలసిపోయి, చెట్టు కింద పడి, ఇక నా ప్రాణం తీసుకో ప్రభువా అని అడిగిన మనిషి. దేవుడు ఆయనను గద్దించలేదు, ప్రార్థన చాలలేదని చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు, దూతచేత నిప్పుల మీద కాల్చిన రొట్టె పెట్టించాడు, నీళ్లు ఇప్పించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. పని చెప్పింది ఆ తరువాతనే. ఈ సంగతి నేను ఎన్నోసార్లు విన్నదే, కానీ రొట్టెలు తట్టేదాన్ని అయి ఉండి కూడా అందులో రొట్టె ఉందని ఆ రోజే విన్నాను. అలలు లేచినప్పుడు కూడా పడవలో ప్రభువే తలగడ మీద తల పెట్టి నిద్రపోయాడు, తండ్రి మేలుకొని ఉన్నాడని ఆయనకు తెలుసు.

మరునాడు ఆదివారం, మందిరంలో లేచి నిలబడి, నా చేత్తో రాసుకున్న కాగితం చదివాను. కూడబలుక్కుంటూ చదివాను. నాది వరం కాదు, రోగం అని చెప్పాను. ఆయన చనిపోయినప్పుడు నేను నిద్రపోతున్నానని చెప్పాను. రెండింటి గంట వదిలేస్తున్నానని చెప్పాను. మందిరంలో గుసగుసలు లేచాయి. సుగుణమ్మ ఉండబట్టలేక నిలబడింది.

"ఏందక్కా ఇది? కావలి అక్క మా సంఘంలో ఉండాదని ఊరంతా చెప్పుకుంటిమి, ఇప్పుడు రోగమంటివా? మా బిడ్డల కోసం నువ్వు చేసిన ప్రార్థనలన్నీ ఏం గావాల?"

నేను కాగితం మడిచి చేతిలో పట్టుకొని నిలబడ్డాను. వెనక నుండి దానియేలప్ప కర్ర ఆనించుకుంటూ లేచాడు.

"ఏం గాలేదులే సుగుణమ్మా, దేవుడు విన్నాడు. ఆమె రోగంలో ఉండి గూడా నీ బిడ్డల పేర్లు మర్చిపోలేదు, నువ్వు బాగుండి గూడా ఆమె పేరు ఎత్తలేదు, అదీ లెక్క. రెండింటి గంట నాకు రాయండప్పా. నేనెట్లా ఒంటికి పోయేదానికి ఆ టైముకు లేస్తానే ఉంటా, ఊరికే లేసేదాని బదులు ప్రార్థన చేస్కుంటా."

మందిరమంతా నవ్వింది, పాస్టరయ్య కూడా నవ్వాడు. సుగుణమ్మ నవ్వలేదు, తల వంచుకొని కూర్చుంది. నేను ఇంకొక మాట అడిగాను. గొలుసులో నాకు చివరి గంట ఇవ్వండి, అయిదు నుండి ఆరు, ఆ వేళకు నేను ఎట్లాగూ లేవాలి, అది భయంతో లేచేది కాదు అన్నాను. పాస్టరయ్య నా కళ్ల ముందే చీటీ మార్చాడు. అందులో నా పేరును నేనే చదువుకున్నాను.

ప్రియమైన చదువరులారా, మీలో ఎవరైనా నిద్ర లేక, మనసు కుంగిపోయి, అది దేవుని శిక్ష అనో లేక దేవుని వరం అనో అనుకొని లోపలే పెట్టుకొని కూర్చొని ఉంటే, మీకు ఒక మాట. ముందు ఎవరికైనా చెప్పండి. ఆస్పత్రికి పోవడం అవిశ్వాసం కాదు. మీకు డాక్టరు మాత్రలు ఇచ్చి ఉంటే నా సాక్ష్యం చదివి వాటిని మానవద్దు, నాకు పనిచేసిన పద్ధతి నాకు డాక్టరు చూసి చెప్పినది. నన్ను విడిపించిన దేవుడు ఒక్కరాత్రిలో విడిపించలేదు, గడి తరువాత గడి, రొట్టె తరువాత రొట్టె, అక్షరం తరువాత అక్షరం విడిపించాడు. మన ప్రార్థనకు జవాబుగా మనుషులను పంపేది ఆయనే, ఆ ఆస్పత్రి గదిలో బురఖా తీసి కుర్చీకి వేసుకొని కూర్చున్న బిడ్డను పెట్టింది కూడా ఆయనే. ఆమె చేతిని దేవుని చేయి అనడానికి నాకు సంకోచం లేదు. ఆయనను నమ్మండి, ఆయన పెట్టిన మనుషులను కూడా నమ్మండి. మహిమ అంతా ఆయనదే, నాకు చాపంత చోటు చాలు.

ఆ ఆదివారం రాత్రి నేను వసారాలో పండుకోలేదు. ఏసేపు పోయిన గదిని ఊడ్చి, ఆయన పక్కన ఎక్కడ పండుకునేదాన్నో అక్కడే చాప పరిచాను. "ప్రభువా, నువ్వు మేలుకొని ఉండు, నేను నిద్రపోతాను" అని ఒక్క మాటే ప్రార్థన చేశాను. తరువాత ఏమయిందో నాకు తెలియదు.

ఫోను ఒకసారి మోగి ఆగింది. దాని తెర వెలుతురులో సుగుణమ్మ ఫొటో కనపడింది, తన నాలుగింటి గంట ముగించి నాకు మిస్డ్ కాల్ ఇచ్చింది. అయిదయింది. లేచి చాప చుట్టి గోడకు నిలబెట్టాను. కాగితం తీసి పదకొండు నుండి అయిదు దాకా ఆరు గళ్లూ నలుపు చేశాను, సందు లేకుండా. తరువాత పొయ్యి వెలిగించి, ఎసరు పెట్టి, పిండి కలిపి, రొట్టె తడుతూ నా గంట మొదలుపెట్టాను. ఒక్కో రొట్టెకు ఒక్కో పేరు చెప్పి ప్రార్థించాను, మొదటి మూడు సుగుణమ్మ బిడ్డల పేర్లమీద పడ్డాయి. గంట పూర్తి కాగానే ఆ మూడింటినీ గుడ్డలో చుట్టుకొని, ఆమె క్యారియర్ల మూతలు పెట్టేలోపలే పోయి వేడివేడిగా ఆమె చేతిలో పెట్టి వచ్చాను.